మూడో డబ్బాకు పాయింటు

మా మామ ఎర్రిస్వామికి నమ్మకం ఎక్కువ, నీళ్ళు తక్కువ. విడపనకల్లు దగ్గర మా చేనులో ఆయన వేయించిన బోర్లన్నీ దుమ్ము కక్కి ఊరుకున్నాయి. వాటన్నిటికీ పాయింటు చూపింది చౌడప్పే. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతాడు. కాయ లేచి నిలబడిన చోట అడుగున నీళ్ళున్నట్టు లెక్క. కాయ నిలబడుతుంది, బోరు బండి వస్తుంది, దుమ్ము లేస్తుంది. ఇంకొకరైతే చౌడప్ప మొహం చూడరు. మా మామ మాత్రం "పాయింటు యాడ తప్పినాడు? నీళ్ళే తప్పినాయి" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. మండినప్పుడు నేను మనసులో పెట్టుకునే రకం కాదు.

నా పేరు సునంద. నోరెక్కువని ఊళ్ళో పేరు. ఆ నోటికే ఒక ఉద్యోగం వచ్చేలా ఉండింది కాబట్టి అప్పుడు ఎవరేమన్నా నాకు పట్టేది కాదు. మా పుట్టిల్లు బళ్ళారి పక్కన. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడుతూ పెరిగాను. బెంగళూరు ఆస్పత్రులకు మన వైపు నుంచి పోయే రోగుల మాట డాక్టర్లకు అర్థం కాదు, డాక్టర్ల మాట వీళ్ళకు అర్థం కాదు. మధ్యలో వీడియోలో కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పే మనుషులు కావాలని ఒక కంపెనీ ప్రకటన ఇచ్చింది. ఇంటి నుంచే పని. నేను రాశాను, పాసయ్యాను. ఇక చివరి పరీక్ష ఒక్కటే మిగిలింది, వీడియోలో. దానికి ఒకటే షరతు: మధ్యలో లైను తెగిందా, మళ్ళీ పిలవరు. పెళ్ళయ్యాక నా చదువుకు దొరికిన మొదటి అవకాశం అది. పోతే ఇంకోటి వస్తుందని నన్ను నేను మభ్యపెట్టుకునే ఓపిక కూడా నాకు లేదు.

మాది బండల మిద్దె. గోడలు ఎంత మందమంటే పక్క గదిలో అత్తను పిలవాలన్నా ఫోన్ చెయ్యాలి. ఫైబర్ వాళ్ళు పెట్టిన డబ్బా పంచలో ఉంది. దాని వైఫై గడప దాటి లోపలికి రాదు. నా గదేమో ఇంటి వెనక ఉంది. అందుకని మా ఆయన నాగేశ్వర బళ్ళారిలో మెష్ సెట్టు కొని తెచ్చాడు. మూడు తెల్ల డబ్బాలు. ఒకదాన్ని ఫైబర్ డబ్బాకు వైరుతో తగిలిస్తే, మిగతా రెండూ దాని దగ్గర సిగ్నల్ అందుకుని ఇల్లంతా పంచుతాయి. తెచ్చిచ్చి ఆయన బళ్ళారిలో డ్యూటీకి పోయాడు. నన్ను, డబ్బాల్ని, వాళ్ళ నాయనను ఒక ఇంట్లో వదిలిపెట్టి.

"డబ్బాలు యాడబడితే ఆడ పెడితే పని చెయ్యవు, సరిగ్గా చోటు చూసుకోమను అక్కను" అని ఫైబర్ పని చూసే భరత్ ఫోనులో అన్నాడట. ఆ ఫోను ఎత్తింది మామ. చోటు చూసుకోవాలి అన్న మాట ఆయన చెవిన పడ్డాక ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మర్నాడు పొద్దున్నే చౌడప్ప కొబ్బరికాయతో మా వాకిట్లో ఉన్నాడు.

"మామా, ఇది నీళ్ళు కాదు, ఇంటర్నెట్టు!" అన్నాను.

"కనబడకుండా పారేది ఏదైనా ఒకటేనమ్మా," అన్నాడు చౌడప్ప, కళ్ళు సగం మూసుకుని. "కాయకు తెలుస్తాది."

అదే రోజు భరత్ మనుషులు వీధి స్తంభం నుంచి మా పంచ దాకా వైరు పూడ్చడానికి గుంత తవ్వుతున్నారు. పైన వేలాడుతుంటే మేతకు శెనక్కాయ కట్టె వేసుకొచ్చే ట్రాక్టర్లు తెంపుకుపోతున్నాయని. ఒకపక్క గడ్డపారలు, ఒకపక్క కొబ్బరికాయతో చౌడప్ప, ఆయన వెనకే చేతులు కట్టుకుని మా మామ. గోడ మీద నుంచి వీధి వీధంతా తొంగి చూస్తోంది. నేను సిగ్గుతో లోపలికి పోదామనుకున్నాను గానీ, కాయ ఎక్కడ లేస్తుందో చూడాలన్న ఆశ కూడా ఉంది మరి.

మొదటిసారి పంచలో లేచింది. అక్కడ ఎలాగూ ఫైబర్ డబ్బా ఉంది. రెండోసారి నడిమింటి వాకిలి దగ్గర లేచింది. మూడు గదులకూ ఎదురుగా ఉండే చోటు, నేనూ అదే అనుకున్నాను. "చూసినావా!" అన్నాడు మామ, కాయను తనే లేపినట్టు. మూడోసారి చౌడప్ప నా గది దాటుకుని, పెరడు దాటుకుని, బర్రెల కొట్టంలోకి పోయాడు. మేత వేసే గాడి పక్కన కాయ నిటారుగా నిలబడింది. మా బర్రె దాన్ని తినడానికి నాలుక చాపింది.

"ఇదే పాయింటు," అన్నాడు చౌడప్ప.

"బర్రెకు నెట్టెందుకు? అదేమన్నా సినిమాలు చూస్తాదా?" అని నేను.

"పాయింటు ఆడుంటే ఆడే పెట్టల్ల. మన సౌకర్యానికి జరపకూడదు," అని మామ.

నేను జరిపాను. మూడో డబ్బాను నా గది గోడ గూట్లో పెట్టుకున్నాను. మామ ఆ పూట అన్నం తింటున్నంత సేపూ ఒక్క మాట మాట్లాడలేదు. నేను రెండు సార్లు పప్పు వడ్డించాను, మాట్లాడించలేదు.

పరీక్ష రోజు పొద్దున భరత్ వచ్చాడు. అప్పటికి మెష్ వేశామన్న మాటే గానీ వీడియో పెడితే మనిషి నోరు తెరిచి అలాగే ఉండిపోతున్నాడు. భరత్ ఫోను తీసి అంతా చూసి తల కొట్టుకున్నాడు.

"అక్కా, రెండిటికీ ఒకే పేరు పెట్టినావు. ఫైబర్ డబ్బా కూడా వైఫై పంచుతాండాది, మెష్ కూడా పంచుతాండాది. నీ ల్యాప్‌టాప్ కాసేపు దీన్ని, కాసేపు దాన్ని పట్టుకుని ఎటూ కాకుండా పోతాంది. మెష్‌ను నేరుగా ఫైబర్‌కే కలిపేస్తా. పాత డబ్బా వైఫై ఆపేస్తా. అది ఇంక దారి మాత్రం ఇస్తాది. మా కంపెనీ లాగిన్ మెష్ డబ్బానే చేసుకుంటాది. ఇంటికి ఒకరే పెత్తనం చెయ్యల్ల."

మా అత్త భద్రమ్మ గుమ్మంలో చిక్కుడుకాయలు వలుస్తోంది. "వింటివా సునందా? ఇంటికి ఒకరే పెత్తనమంట," అంది.

"వింటి అత్తా. పాత డబ్బానే తప్పుకోవల్లని కూడా చెప్పినాడు."

అత్త పక్కున నవ్వి చిక్కుడుకాయ నా మీదికి విసిరింది. భరత్ తల ఎత్తకుండా ఫోనులో యూజర్ నేమూ పాస్‌వర్డూ కొట్టాడు. మెష్ డబ్బా లైటు ఎర్రగా మిటకరించింది. మేమంతా దాని చుట్టూ వంగాము. కాసేపు ఎరుపు. ఇంకాసేపు ఎరుపు. మా మామ ఊపిరి బిగబట్టాడు, బోరు బండి ముందు నిలబడినప్పుడు బిగబట్టినట్టే. ఉన్నట్టుండి లైటు పచ్చగా అయింది. నా గదిలో వీడియో పెడితే ఎక్కడా ఆగకుండా గలగలా ఆడింది. నేను గంతేశాను. అబద్ధమెందుకు, భరత్‌ను కూడా పట్టుకుని ఊపేశాను.

మా మామ అయితే మనిషి మనిషిగా లేడు. చౌడప్ప చూపిన పాయింటు జీవితంలో మొదటిసారి పని చేసింది! తువ్వాలు గిరగిరా తిప్పుతూ వీధిలోకి పరుగెత్తాడు. అంగట్లో ఉన్న బొరుగులూ బెల్లమూ గంపెడు కొని, దారిలో కనబడిన వాళ్ళకల్లా దోసిళ్ళతో పంచాడు. మా ఊళ్ళో ఎవరికైనా బోరులో నీళ్ళు పడితే చేసే పని అది. ఆయనకు ఆ అవకాశం ఎప్పుడూ రాలేదు. దాచుకున్న సంబరమంతా ఆ పూటే ఖర్చు పెట్టేశాడు.

నేను చీర మార్చుకుని, జడ వేసుకుని, పరీక్షకని గదిలోకి వచ్చేసరికి గూడు ఖాళీగా ఉంది. డబ్బా లేదు.

"మామా!"

"కొట్టంలో ప్లగ్గుకు పెట్టినాలేమ్మా," అన్నాడు మామ తృప్తిగా, చేతికి అంటిన బెల్లం నాకుతూ. "రెండు పాయింట్లు కరెక్టుగా వచ్చినాయి కదా, మూడోది మాత్రం ఎందుకు పోగొట్టుకోవల్ల?"

డబ్బా పీకి మళ్ళీ పెడితే అది తేరుకుని పని మొదలుపెట్టడానికి చాలాసేపు పడుతుంది. ల్యాప్‌టాప్‌లో అప్పుడే కాల్ మోగుతోంది. ఆలోచించే వ్యవధి లేదు. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని పట్టుచీర ఎత్తిపట్టి కొట్టంలోకి పరుగెత్తాను. గాడి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టి, శెనక్కాయ కట్టె మీద కూర్చుని, చెమట తుడుచుకుని నవ్వుతూ "నమస్కార" అన్నాను.

అవతల హేమావతి అని ఒకామె. తెలుగూ కన్నడమూ రెండూ వచ్చినామె. నా భుజం మీదుగా కనబడుతున్న బర్రె మొహాన్ని కాసేపు చూసింది. రూలు చెప్పింది. ఎవరు ఏమన్నా వాళ్ళే మాట్లాడుతున్నట్టు "నేను" అనే చెప్పాలి. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట వదలకూడదు. ఆమెది కన్నడ డాక్టరు వేషం. కడుపునొప్పి వచ్చిన తెలుగు రోగి వేషంలో ఇంకొకాయన ఉన్నాడు.

రోగి రెండు మాటలు మూలిగాడో లేదో పెరట్లోకి ఊరు దిగింది. బిందెలతో!

వాళ్ళ తప్పేముంది? చౌడప్ప కాయతో తిరగడం చూశారు, గుంత తవ్వడం చూశారు, ఇవాళ బొరుగులు తిన్నారు. అందరి కంటే ముందు పక్కింటి మారెమ్మ, నెత్తిన ఒకటి, చంకన ఒకటి. "ఎర్రిస్వామన్నా, నీళ్ళు యాడ?" వెనక బసప్ప గొంతు: "ఎన్ని ఇంచులు పడినాయన్నా?" ఇంకెవరో: "తీపా, ఉప్పా?" కొట్టంలోకి తలలు, బిందెలు, మోచేతులు, వాటి మధ్య కొబ్బరికాయతో చౌడప్ప. రోగి మూలుగు ఎక్కడా వినపడటం లేదు. అయిపోయింది, నా ఉద్యోగం నా కళ్ళ ముందే బిందెల కింద పడి నలిగిపోయింది అనుకున్నాను.

"సునందా," అంది హేమావతి కన్నడంలో. "ఆస్పత్రిలో కూడా ఇలాగే ఉంటుంది. రోగిని పక్కన పెట్టండి. ఇప్పుడు వినపడుతున్నది చెప్పండి."

చెప్పాను. "నీళ్ళు ఎక్కడ? నేను బిందెలు తెచ్చాను. ఎన్ని ఇంచులు? తీపి నీళ్ళా, ఉప్పు నీళ్ళా?" మామ "నీళ్ళు కాదప్పా, నెట్టు" అంటే అదీ చెప్పాను. "నెట్టును పప్పులో పోసుకోవల్లనా?" అని మారెమ్మ అడిగితే అదీ. "నీకు బుద్ధి ఎప్పుడొస్తాదప్పా, ఆ చౌడప్పను చెప్పుతో కొట్టల్ల" అని బసప్ప అంటే, మామను నా నోటితో తిట్టే సందు దొరికిందని కొంచెం ఉత్సాహంగానే చెప్పాను. ఒకరి మాట పూర్తి కాకుండా ఇంకొకరిది. మధ్యలో బర్రె అరిస్తే హేమావతి "అది అక్కర్లేదు" అంది. నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే చెప్పుకుపోయాను. లైను మాత్రం ఒక్కసారి కూడా తెగలేదు. గాడి పక్కన పచ్చ లైటు కదలకుండా వెలుగుతోంది.

హేమావతి మామను ముందుకు రమ్మంది. "నీళ్ళు పడకపోయినా బొరుగులు ఎందుకు పంచారు?" అని కన్నడంలో అడిగింది. నేను తెలుగులో అడిగాను.

మామ స్క్రీను ముందుకు వంగాడు. అంతమంది ముందు తువ్వాలు నలిపాడు.

"నా కోడలికి ఉద్యోగం వస్తాదని పంచినానమ్మా. ఈ డబ్బా ఈడికి మార్చింది నేనే, లైను సరిగ్గ రాకపోతే తప్పు నాది, ఆ పిల్లది కాదు. ఆ పిల్లకు నోరెక్కువ. బోరు ఎండినప్పుడల్లా ఊరంతా నవ్వింది. ఇది నవ్వలేదు, తిట్టింది. నవ్వేది ఊరోళ్ళు, తిట్టేది మనోళ్ళు."

నేను కన్నడంలో మొదలుపెట్టాను. నా కోడలికి ఉద్యోగం వస్తుందని పంచాను. డబ్బా మార్చింది నేను. తప్పు నాది. ఆ అమ్మాయికి నోరెక్కువ. ఊరంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు, తిట్టింది.

అక్కడ ఆగిపోయాను.

"ఒక వాక్యం వదిలేశారు," అంది హేమావతి మెల్లగా.

కొట్టమంతా నన్నే చూస్తోంది. మారెమ్మ బిందె కింద పెట్టింది. నేను మామ వైపు చూడకుండా, స్క్రీను వైపే చూస్తూ, ముక్కు ఎగబీల్చి, ఆ చివరి వాక్యం కూడా చెప్పేశాను. ఒక్క మాట కలపలేదు.

హేమావతి ఏదో రాసుకుంది. తర్వాత రెండు మాటలే అంది.

"ఏమంటాంది? ఏమంటాంది?" అని మామ నా భుజం పట్టుకుని ఊపాడు.

రూలు ప్రకారమే చెప్పాను. "మీ కోడలిని నేను తీసుకున్నాను."

బిందెల మీద దరువు మొదలైంది. బసప్ప చౌడప్పను ఎత్తుకున్నాడు. అత్త పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను వాటేసుకుంది. మామ మాత్రం ఇంకా స్క్రీను ముందు నుంచి కదలలేదు. వేలెత్తి గట్టిగా చెప్పాడు. "సాయంత్రం పాలు పిండేటప్పుడు డ్యూటీ వెయ్యొద్దని చెప్పు ఆయమ్మకు. ఈ బర్రె నీకు తప్ప ఎవరికీ పాలియ్యదు."

అది కూడా చెప్పాను.