కాగితం సంచిలోంచి కనబడని బంతి

ఏప్రిల్ సగం కాకుండానే మా ఊరి బేస్‌బాల్ జట్టు కెనాలర్స్ పదమూడు ఆటలాడి పదకొండు ఓడిపోయారు. అయినా ఆదివారం ఎడమవైపు బల్లల మీద మా చోట్లో మేమే కూచున్నాం, నేనూ, ఏడేళ్ళ మా అమ్మాయి మార్నీ. ఎరీ సరస్సు మీంచి వచ్చే గాలికి ఇద్దరం ఒకే దుప్పట్లో దూరాం.

జట్టు టోపీ పెట్టుకెళ్ళిందని బళ్ళో పిల్లలు దాన్ని ఏడిపిస్తున్నారు. శుక్రవారం మొహం ఉబ్బించుకుని ఇంటికొచ్చింది. మా నాన్న నాకంటించిన పిచ్చిని నేను దీనికంటించి ఏడిపిస్తున్నానేమోనని నాకు ఒకటే గుబులు. ఇవాళ కూడా ఓడితే ఈ ఏడాదికి ఇక తీసుకురాకూడదని అనుకున్నాను.

వెనక వరుసలో ముప్ఫై ఏళ్ళుగా కూచునే స్టాన్ బాబాయ్ కిరాణా కాగితం సంచులు తెచ్చాడు, కళ్ళకి కన్నాలు పెట్టి. జట్టు మరీ పరువు తీస్తే ఇక్కడ అవి తలకి తగిలించుకుంటాం.

"తీసుకో అమ్మాయ్. మనం వీళ్ళ తాలూకని లోకానికి తెలియకూడదు."

"తొమ్మిదింట్లో ఇంకా ఐదో ఇన్నింగ్సే కదా బాబాయ్."

"మన షార్ట్‌స్టాప్ కంటే మా కుక్క నయం. సోఫా కింద బంతి కూడా వదలదు." రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడి బంతి ఆపాల్సినవాణ్ణే ఆయన అనడం.

వరుసంతా సంచులు తొడుక్కున్నారు. నేనూ తొడుక్కున్నాను. మార్నీ మాత్రం వద్దంది.

"అది వేసుకుంటే నేనెలా రాయనమ్మా?"

దాని ఒళ్ళో స్కోరు కార్డు. ఒక్కో ఆటగాడికీ ఒక అంకె, జరిగిన ప్రతిదానికీ ఒక గుర్తు. నేను పదకొండో తరగతిలోనే బడి మానేశాను. రేపు దాని పెద్ద లెక్కలు నాకేం అర్థమవుతాయోనని బెంగ. ఇది మాత్రం నేనే నేర్పాను.

ఏడో ఇన్నింగ్స్‌లో బంతి దొర్లుకుంటూ షార్ట్‌స్టాప్ దగ్గరికెళ్ళింది. ఆ వెంటనే అవతలివాళ్ళు ఇద్దరు చుట్టు పూర్తిచేసి రెండు పరుగులు తీశారు. పెద్ద బోర్డు మీద హిట్ అని పడింది, అంటే తప్పెవరిదీ కాదు, కొట్టినవాడి గొప్పే అని. మార్నీ కార్డులో తప్పు అని రాసి, పక్కన ఆరు వేసింది. ఆరంటే షార్ట్‌స్టాప్.

"హిట్టమ్మా, బోర్డు చూసి దిద్దుకో," అన్నాడు స్టాన్ బాబాయ్ సంచిలోంచి.

"కాదు తాతా. బంతి ఆయన గ్లవ్‌లో పడి జారిపోయింది. పిచ్చర్ బాగానే వేశాడు. ఆ రెండు పరుగులూ పిచ్చర్ పేరు మీద వెయ్యకూడదు."

"మనవాడి తప్పే పట్టుకుంటావే?"

"మనవాడైతే ఏం? జారింది కదా."

దిద్దమందామని నా నోటిదాకా వచ్చింది. దాని వేలు ఆ గడి మీదే గట్టిగా ఆనించి ఉంది. జారిన దుప్పటి దాని భుజం మీదికి లాగాను.

కాసేపటికి మైదానం స్కోరర్ తీర్పు మార్చుకున్నట్టుంది, బోర్డు మీద హిట్ పోయి తప్పు అని మారింది. స్టాన్ బాబాయ్ సంచి తీసి, కళ్ళజోడు పెట్టుకుని, కార్డు మీదికి వంగాడు.

"ఈ కన్నాల్లోంచి నాకసలు బంతే కనబడలేదు," అన్నాడు. "ఎవరు నేర్పారే నీకు?"

"మా అమ్మ."

నేను కూడా సంచి తీసేశాను. చలిగాలి మొహానికి చురుక్కుమంది.

ఐదు మూడుతో ఓడిపోయాం. మార్నీ చివరి గడి నింపి, ఓడాం అని గుండ్రటి అక్షరాలతో రాసింది. ఏడవలేదు.

"రేపొస్తారా?" అడిగాడు స్టాన్ బాబాయ్, దుప్పటి మడవడానికి ఓ కొస పట్టుకుని.

"వస్తాం బాబాయ్," అన్నాను. "అది రాయకపోతే మీకు ఆట చెప్పేదెవరు?"