పదిహేడో నంబరు డ్రమ్ము

నేను ఒక నీలం డ్రమ్మును. ఇప్పుడు బుచ్చమ్మ నా పొట్టను ఇటుక ముక్కతో రుద్దుతోంది. నా మీద తెల్ల రంగుతో రాసిన పదిహేడు అంకె పోవాలని ఆమె తాపత్రయం. ఒకటి సగం పోయింది. ఏడు మాత్రం కదలనంటోంది. ఇంకాసేపట్లో ట్యాంకర్ వస్తుంది. ఎనిమిదింటికి ఆమె అపార్ట్‌మెంట్లలో పనికి చేరాలి. ఇప్పటికి రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి ఆలస్యమైతే మానెయ్యమని సూపర్‌వైజర్ ముందే చెప్పాడు.

నేను పుట్టింది ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో. మొదట నాలో గిన్నెలు తోమే సబ్బునీళ్లు పోసి ఊరూరా తిప్పారు. ఖాళీ అయ్యాక పాత సామాన్ల కొట్టుకు చేరాను. అక్కణ్ణుంచి బుచ్చమ్మ నన్ను దొర్లించుకుంటూ ఈ గల్లీకి తెచ్చింది. ఎన్నిసార్లు కడిగినా నాలో నిమ్మకాయ వాసన పోలేదు. ఆమె టీలో ఇప్పటికీ ఆ వాసన వస్తుంది.

పదేళ్ల కిందట ఇక్కడ జొన్న చేలుండేవట. ఇప్పుడు ఒక పక్క ఇరవై అంతస్తుల భవనాలు, ఇంకో పక్క మా రేకుల ఇళ్లు. పాలమూరు కూలీలు, శ్రీకాకుళం మేస్త్రీలు, ఒడిశా కుర్రాళ్లు, కుట్టుమిషను హాజీరాబీ, అందరిదీ ఒకటే గల్లీ. అన్ని భాషల్లోనూ తిట్లు విన్నాను. ఎక్కువ తిట్లు నీళ్ల గురించే. భవనాల మీద ఈత కొలను ఉంది. దాన్ని తుడిచేది బుచ్చమ్మే. ఇంటికొచ్చాక నాలో అడుగంటిన నీళ్లను చెంబుతో గీకేదీ ఆమే.

వార్డు ఎన్నికలొచ్చాయి. నిచ్చెన గుర్తు నర్సింగరావుకూ గంట గుర్తు సుగుణమ్మకూ పోటీ. వెంట్రుకవాసి తేడా అని అందరూ అన్నారు. అంత దగ్గరి పోటీలో నర్సింగరావు మనిషి యాదగిరి ఓట్లు ఎలా లెక్కపెట్టాడో తెలుసా? డ్రమ్ములను లెక్కపెట్టాడు. రంగు డబ్బా పట్టుకొచ్చి వరసగా నంబర్లు వేసుకుంటూ పోయాడు.

"డ్రమ్ముకు మూడు ఓట్లు. లెక్క ఖతం," అన్నాడు.

"అన్నా, గది ఒడిశా పోరగాండ్ల డ్రమ్ము. ఆళ్ల ఓట్లు ఆళ్ల ఊర్ల ఉన్నయి," అంది బుచ్చమ్మ.

"నువ్వు సప్పుడు జెయ్యకు అక్కా. పదేండ్ల సంది పోలింగ్ బూతు నడుపుతున్న."

పక్కింటి మేస్త్రీ అప్పలసూరి బీడీ ఆర్పి, "బాబూ, నాకాడ డ్రమ్ములు రెండున్నాయి గానీ పెళ్లాం ఒక్కర్తే. ఆరు ఓట్లు ఎక్కడ్నించి తెత్తాను?" అన్నాడు. గల్లీ అంతా నవ్వింది. యాదగిరి నవ్వలేదు. అప్పలసూరి ఇంటి రెండో డ్రమ్ము మీద కూడా నంబరు వేశాడు. అరవై నాలుగు డ్రమ్ములు, నూట తొంభై రెండు ఓట్లు అని నాయకుడికి ఫోన్ చేసి చెప్పాడు. నాయకుడు అంత ఖాయమైన గల్లీకి పోవడం ఎందుకని ఒక్కసారి కూడా ఇటు రాలేదు. మనిషి మొహం చూడకుండా డ్రమ్ము మొహం చూసి ఓటు పసిగట్టే మేధావులు ఈ దేశంలో ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది.

సుగుణమ్మ వచ్చింది. తిరగేసిన బకెట్ మీద కూర్చుంది. గెలిస్తే ఇంటింటికీ నల్లా పెట్టిస్తానంది. నల్లా ఉంటే ట్యాంకర్ కోసం కాచుకోనక్కర్లేదు, పనికి ఆలస్యం కాదు. బుచ్చమ్మ గంట గుర్తుకే వేసింది. ఆ సాయంత్రం నాలో నీళ్లు ముంచుతూ నాకే చెప్పింది. ఇంకెవరికీ చెప్పలేదు.

సుగుణమ్మ తొమ్మిది ఓట్ల తేడాతో గెలిచింది. యాదగిరి వచ్చి మా వరస ముందు నిలబడి, నంబర్లు మళ్లీ ఒకసారి లెక్కపెట్టాడు. అరవై నాలుగే. డ్రమ్ములు మోసం చేశాయన్నట్టు నన్నొక తన్ను తన్ని వెళ్లిపోయాడు.

నల్లా రాలేదు. ట్యాంకర్ మీద మాత్రం కొత్త మనిషి వచ్చాడు, సుగుణమ్మ అనుచరుడు పాండు. యాదగిరి వేసిన నంబర్లు చూడగానే అతని కళ్లు మెరిశాయి. "ఇవన్నీ నిచ్చెనోళ్ల డ్రమ్ములు. ముందు మనోళ్ల గల్లీలకు పోనియ్," అన్నాడు డ్రైవరుతో. అప్పట్నుంచి మాకు నీళ్లు అందరికంటే చివర. ఓడినవాళ్ల తెలివి గెలిచినవాళ్లకు ఇలా వారసత్వంగా అందింది. హాజీరాబీ తన డ్రమ్ముకు పాత పరదా గుడ్డతో తొడుగు కుట్టింది. పాండు దాన్ని పైకెత్తి చూసి, "డ్రమ్ముకు గౌను తొడిగితే గుర్తుపట్టమా చిన్నమ్మా?" అన్నాడు.

అందుకే ఈ రుద్దుడు. ఎన్నికలై రెండు నెలలైంది. బుచ్చమ్మ వేలి మీది ఓటు సిరా గోరు పెరిగి సగం పోయింది. నా మీది రంగు మాత్రం పోలేదు.

ట్యాంకర్ గల్లీ మొదట్లో ఆగింది. పాండు దిగి వచ్చి నా ముందు వంగాడు.

"పదిహేడు కనిపిస్తనే ఉన్నది గదా అక్కా."

"నేను గంటకే ఏసిన పాండూ. నీ మీద ఒట్టు."

"గెలిచినంక అందరు గట్లనే అంటరు. ఓడినోనికి ఏసినమని చెప్పేటోళ్లు ఈ వార్డుల ఒక్కరు లేరు. గా నర్సింగరావుకు ఓట్లు ఎవరేసిన్రో దేవునికే ఎరుక!"

అతని మాటకు అతనే నవ్వుకుంటూ ట్యాంకరెక్కాడు. అది ఒక్క డ్రమ్మూ నింపకుండా మలుపు తిరిగింది. కారిన నీళ్లు రోడ్డు మీద గీతలా మిగిలాయి.

బుచ్చమ్మ చేతిలో ఇటుక ముక్క అలాగే ఉంది. గోరు మీది సిరాను కాసేపు చూసుకుంది. ఇంట్లో ఫోన్ మోగింది. లోపలికెళ్లి తీసింది. "ఎనిమిదిన్నరైంది, ఇంకో మనిషిని పెట్టుకున్నం, ఇగ రాకు," అన్న సూపర్‌వైజర్ మాటలు బయటున్న నాకు కూడా వినపడ్డాయి. ఫోన్ గూట్లో పెట్టింది. రెండు బిందెలు తీసుకుంది. గడప దాటి, నా మూత సరిచేసింది. తలుపు దగ్గరికి కూడా వేయలేదు.

భవనాల వైపు తిరగలేదు. రోడ్డు మీది నీళ్ల గీత వెంట నడుచుకుంటూ వెళ్లిపోయింది.