బయట పెట్టుకున్న చెవి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. కానీ ఆ ఉదయం నాకున్నది కోపం కాదు, భయం.

మా రికార్డింగ్ స్టూడియోలో అక్క పాడే గదికీ నేను రికార్డు చేసే గదికీ మధ్య ఒక అద్దం. అవతల అక్క హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మంచినీళ్ళు తాగుతోంది. ఇవతల నా వెనక సోఫాలో సంగీత దర్శకుడు. ఎవరి శ్రుతి తప్పినా ఇట్టే పట్టేస్తాడని ఆయన్ను మేమంతా చాటుగా శ్రుతిపెట్టె అంటాం. వచ్చే వారం టీవీలో ప్రత్యక్షంగా వచ్చే కచేరీలో పాడమని ఆయన అక్కను అడిగాడు. రెండేళ్ళ కిందటి గొంతు ఆపరేషన్ తర్వాత అక్క జనం ముందు పాడబోవడం అదే మొదలు. నెల రోజులుగా ఆమె కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

ఆమెకు తెలియనిది నాకొక్కదానికే తెలుసు. రెండేళ్ళుగా అక్కకు పై షడ్జం, అదే పై 'స', అందడం లేదు.

డాక్టరు స్పష్టంగానే చెప్పాడు. బాగా కిందిదైన మూడో శ్రుతిలో మొదలుపెట్టి రోజూ ఇంట్లో సాధన చెయ్యాలి, స్వరం నిలిచిందని చెవికి తెలిశాకే అర మెట్టు పైకి వెళ్ళాలి అని. అక్క ఆగుతుందా? ఆపరేషనైన మూడో నెలలోనే మైకు ముందు నిలబడి తన పాత ఐదున్నర శ్రుతిలో ఎత్తుకుంది. పై స్వరం చతికిలపడింది. ఆ రోజు గోడకు ఆనుకుని ఆమె ఏడ్చిన ఏడుపు నేను చూడలేకపోయాను.

మర్నాడు కంప్యూటర్లో శ్రుతి దిద్దే ప్రోగ్రాంని రికార్డింగుకే కాదు, ఆమె హెడ్‌ఫోన్స్‌లోకి వెళ్ళే దారిలోనూ పెట్టేశాను. ఎంత తక్కువగా పాడినా ఆమె చెవికి సరిగ్గానే వినిపిస్తుంది. మా మామూలు మైకును పాతకాలం పెద్ద మైకులా పలికించే ప్రోగ్రాం కూడా తగిలించాను. గొంతుకు నిండుదనం వచ్చింది. నా గొంతు నాకొచ్చేసిందే అంటూ అక్క నన్ను వాటేసుకుంది. నాలుగు రోజుల్లో తీసేద్దామనుకున్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

ఒక్కటే చిక్కు. అక్కకు ఒక చెవి బయట పెట్టుకుని పాడే అలవాటు, ఆ చెవికి అసలు గొంతే వినిపిస్తుంది. తెరిచిన కప్పులోంచి వాయిద్యాల ట్రాక్ మైకులోకి కారుతోందని కసిరి కసిరి ఆ అలవాటు మాన్పించాను. నా నోటికి జడిసి రెండు చెవులూ మూసుకోవడం నేర్చుకుంది పిచ్చిది.

మొదటి టేక్ అయింది. స్క్రీన్ మీద అక్క గొంతు గీత షడ్జం దగ్గర సోలిపోవడం, ప్రోగ్రాం దాన్ని లేపి నిలబెట్టడం చూస్తూ, ఆయనకు కనబడకుండా కుర్చీ అడ్డం జరిపాను. ఆయన మెచ్చుకోలేదు. ఈ గొంతుకు పైన చిన్న వణుకుండేది, అదేమైంది, స్కేలు పెట్టి గీసినట్టుందేమిటి అన్నాడు. మైకు కొత్తదండీ అనేశాను. ఆయన మైకు సంగతి అడగనే లేదు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నది నేనే.

ఆయన లేచి వచ్చి, అక్కతో మాట్లాడే బటన్ తనే నొక్కాడు.

"అమ్మా, నువ్వు ఒక చెవి బయట పెట్టుకుని పాడేదానివి కదూ. అలాగే పాడు."

ట్రాక్ కారుతుందండీ అన్నాను. 

"కారనీ."

తిడతానేమోనని అక్క నావైపు చూసింది. తర్వాత ఎడమ చెవి మీది కప్పు వెనక్కి నెట్టుకుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. దిద్దుబాటు తీసేస్తే రెండు చెవులకూ తెలుస్తుంది, ఉంచితే ఒక చెవికి. ఏదీ తేల్చుకోలేక ట్రాక్ వదిలాను.

పల్లవి సాఫీగా సాగింది. చరణంలో గొంతు పైకెక్కి షడ్జం మీద ఆగింది. కుడి చెవి ఒకటి చెబుతోంది, ఎడమ చెవి ఇంకొకటి. అక్క పాట ఆపేసింది. వాయిద్యాలు వాటి మానాన అవి సాగిపోతున్నాయి. ఆమె హెడ్‌ఫోన్స్ పూర్తిగా తీసేసి, అదే స్వరం మరోసారి పాడి చూసుకుంది. ట్రాక్ ఆపేశాను. అద్దంలోంచి నావైపు తిరిగింది.

"ఎన్నాళ్ళ నుంచే?"

బటన్ నొక్కి, ఆపరేషన్ అయిన మూడో నెల నుంచీ అని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఇంట్లో పాడితే శ్రుతి నిలిచేది కాదే. ఇక్కడికొస్తే నిలిచేది. ఇంట్లో నేను పాడే గదే మంచిది కాదనుకున్నాను. అందుకే ఇంట్లో పాడటమే మానేశాను."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవకూడదని నేను చేసిన పని ఆమె సాధనను మింగేసింది.  శ్రుతిపెట్టె, కచేరీకి ఇంకొకరిని చూసుకుంటానమ్మా అని అక్కతో మెల్లగా చెప్పి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

అక్క బయటికి రాలేదు. అన్నీ తీసెయ్యమంది, ఆ పెద్ద మైకు వేషంతో సహా. ఒక్కొక్కటీ తీసేశాను.

"మూడో శ్రుతి వెయ్యి," అంది.

రెండేళ్ళ కిందట డాక్టరు మొదలుపెట్టమన్న శ్రుతి అది.