అన్నిటికంటే తేలిక చీర

ధర్మవరంలో జయరామయ్య పట్టుచీరల కొట్టులో కల్పన పద్దెనిమిదేళ్లుగా చీరలు చూపిస్తోంది. ఈమధ్య వీడియో కాల్‌లో చీరలు అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. చెన్నై, ముంబై వాళ్లలో చాలామందికి తెలుగు రాదు.

"నెలాఖరు దాకా చూస్తానమ్మా. నీకు ఇంగ్లీషు కుదర్లేదంటే హిందూపురం పిల్ల ఒకామె వస్తానంటాంది. నువ్వు లోపల మడతలకు పోదువు," అన్నాడు జయరామయ్య.

చీరలు మడతపెట్టే గదిలో జీతం తగ్గదు. కానీ అక్కడికి మనుషులు రారు. మాట్లాడకుండా కల్పనకు పొద్దు పోదు.

కూతురు వైష్ణవి హిందూపురంలో డిగ్రీ చదువుతోంది. పొద్దున రైలుకు తయారవుతూనే తల్లికి పాఠం చెప్పేది.

"సాఫ్ట్, సాఫ్టర్, ద సాఫ్టెస్ట్. ఇంట్లో ఉండేవాటితో చెప్పు మా."

"దిస్ చట్నీ ఈజ్ ద హాటెస్ట్," అంది కల్పన క్యారియర్ మూత బిగిస్తూ. "దిస్ గర్ల్ ఈజ్ ద లేజియెస్ట్ ఇన్ ద హౌస్."

"నాయన కంటేనా?"

"ఆయన కంటే కూడా. పో, రైలు పోతాది."

పది రోజుల్లో నోరు తిరిగింది. కొట్టులో మామూలుగా చేతిలో ఉన్న చీరే అన్నిటికంటే గొప్పది. దాన్ని కింద పెట్టి ఇంకోటి విప్పితే, అప్పుడు అది గొప్పది. కొనేవాళ్లకూ ఆ సంగతి తెలుసు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కల్పన అదే పద్ధతిని ఇంగ్లీషులోకి తెచ్చింది. విప్పిన ప్రతి చీరా ద బెస్టే. జయరామయ్య తృప్తిగా తల ఊపేవాడు.

ఒక బుధవారం చెన్నై నుంచి ఒకావిడ కాల్ చేసింది. తల్లికి ఎనభై ఏళ్లు నిండుతున్నాయట. రెండు గంటలు హోమం ముందు కూర్చోవాలి, భుజం నొప్పి, చీర బరువుండకూడదు. ఆమె నిదానంగా చెప్పడంతో కల్పనకు అంతా అర్థమైంది.

"దిస్ ఈజ్ ద లైటెస్ట్, మేడమ్," అని మొదటి చీర చూపించింది. రెండోది విప్పి అదే మాట అంది. మూడోదానికీ అదే.

చీరల వివరాలు రాసుకుంటున్న ఆవిడ పెన్ను ఆపింది. మూడింటినీ లైటెస్ట్ అన్నారు, నేను ఏది రాసుకోవాలి అని అడిగింది.

కల్పన మూడు చీరల వైపూ చూసింది. ఎదుట జయరామయ్య మూడోదాని వైపు వేలు చూపిస్తున్నాడు. అది నిండా జరీ ఉన్న చీర. దాన్ని కట్టుకుని ఆ పెద్దావిడ రెండు గంటలు కూర్చోవడం కష్టమని కల్పనకు తెలుసు. అసలు తేలికైన చీర ఈ మూడింటిలో లేదు. చిన్న అంచు ఉన్న ఆకుపచ్చది, ఫంక్షన్లకు ఎవరూ అడగరని కింది అరలోనే ఉండిపోయింది.

"వన్ మినిట్, మేడమ్."

నేతగాళ్లకిచ్చే పట్టుదారం తూచే కాటా తెచ్చి ఫోను ముందు పెట్టింది. మూడు చీరలూ ఒక్కొక్కటిగా తూచింది. చివర ఆకుపచ్చది పెట్టింది.

"దిస్ ఈజ్ ద లైటెస్ట్. బట్ నాట్ ద బెస్ట్. బార్డర్ స్మాల్."

ఆవిడ నవ్వింది. ఆకుపచ్చదే పంపమంది.

ఫోను పెట్టగానే జయరామయ్య గొంతు లేచింది. "ఏమ్మా, నిండు జరీకి వచ్చిన గిరాకీని చిన్న అంచుకు దించితివే! మన చీరను మనమే మంచిది కాదంటే ఎట్ల?"

"ఆయమ్మ అడిగింది బరువు గురించే కదన్నా. ఆ జరీ చీర పంపుంటే మళ్లా మనకు ఫోను చేస్తుండెనా?"

"హిందూపురం పిల్లకు కబురు చేస్తా," అన్నాడాయన.

శనివారం దాకా చెయ్యలేదు. ఆ రోజు చెన్నై ఆవిడ చెల్లెలట, ఫోను చేసి చీరలు తూచి చూపించే ఆమె కావాలని అడిగింది. జయరామయ్య ఫోను కల్పన చేతికిచ్చి, పక్కకు వెళ్లి తన ఫోనులో ఎవరికో నంబరు కలిపాడు.

"ఇప్పుడే వద్దులేమ్మా, దసరా అయినాక చూస్తాం," అనడం కల్పనకు వినపడింది.

ఆమె చీర విప్పలేదు. ఎవరికి, ఎందుకని ముందు అడిగింది.