స్వయంగా హాజరై చెప్పుకోదలిచారా

ఇంటికొచ్చిన లాయరుకూ, ఆయనకూ టీ గ్లాసులు బల్ల మీద పెట్టి వెళ్ళబోతుంటే, "నువ్వూ కూర్చో, సంతకాలున్నాయి" అన్నారు ఆయన. వ్యాపారం మాటల్లో నన్ను కూర్చోమనడం ఇన్నేళ్ళలో అదే మొదలు. అత్తయ్య టీవీ శబ్దం కూడా తగ్గించింది.

వ్యాపారం నా పేరు మీదే ఉంది. ఆయనలా ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నవాళ్ళ పేరు మీద ఉండకూడదట. విదేశం నుంచి జిప్పులు తెప్పించి బట్టలు కుట్టే దుకాణాలకు అమ్మడం. బేరాలు ఆయనవి, సంతకాలు నావి. "ఓనరు గారూ, చారులో ఉప్పు తగ్గింది" అని ఆయన భోజనాల దగ్గర వేళాకోళం చేస్తే అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు జిప్పుల ధర తక్కువ చూపించామని కస్టమ్స్ వాళ్ళు సుంకం, జరిమానా వేశారు. నోటీసులో ఉన్నది నా పేరొక్కటే.

లాయరు ఓపిగ్గా చెప్పాడు. అప్పీలుకు వెళ్ళాలంటే వేసిన దానిలో కొంత ముందే జమ చేయాలి, లేకపోతే కాగితమే తీసుకోరు. ఓడరేవులో ఆగిన సరుకు విడిపించాలంటే బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. బ్యాంకు ఊరికే పూచీ పడదు. రెండింటికీ కనిపించింది నా డిపాజిట్టే. బడిలో పాఠాలు చెప్పిన రోజుల్లో దాచుకున్నది. అత్తయ్యకు మోకాళ్ళు పట్టేశాక ఉద్యోగం మానేశాను. మానేశాను అనడం అలవాటైంది గానీ, మాన్పించారు. ఎప్పటికైనా ఓ గది అద్దెకు తీసుకుని ట్యూషన్లు పెట్టుకోవాలని ఆ డబ్బు కదపలేదు. "నీదేంటి, నాదేంటి" అన్నారు ఆయన. నోటీసు విషయంలో ఆ మాట రాలేదు.

"ముందు కట్టాలి, తర్వాతే వింటారు. రూలే అంతమ్మా" అన్నాడు లాయరు, నాకేదో కొత్త సంగతి చెబుతున్నట్టు. ఈ ఇంట్లో నాకెప్పుడూ అదే రూలు. అందరూ తిని, గిన్నెలు కడిగి బోర్లించాక గానీ నా మాట ఎత్తడానికి లేదు. ఎత్తేసరికి ఆయనకు నిద్ర ముంచుకొచ్చేది. అక్కడ కనీసం కట్టాకైనా వింటారట. నాకు ఒళ్ళు మండింది. టీ చల్లారిపోతోందని మాత్రం గుర్తు చేశాను.

కట్టకపోతే బాకీదారును నేనే కాబట్టి, లాయరు వేలు చూపించిన చోటల్లా సంతకం చేస్తూ పోయాను. అప్పీలు ఫారంలో, స్వయంగా హాజరై చెప్పుకోదలిచారా అనే ప్రశ్న ఉంది. ఎదురుగా 'లేదు' అని అతనే రాసిపెట్టాడు. దాన్ని కొట్టేసి 'అవును' అని రాశాను.

ఆయన ఫారం లాక్కుని చూసి, మార్చేయమని లాయరుతో అన్నారు.

"అప్పీలు ఆవిడది సార్. ఆవిడ వస్తానంటే నేను వద్దనలేను."

ఆయన నవ్వబోయారు. "నువ్వెళ్ళి అక్కడ ఏం చెప్తావు?"

"అడిగిందే చెప్తాను" అన్నాను. "ఆ ధర ఎవరు వేయించారని అడిగితే, అది కూడా."