నూకయ్య తాగలేదు

నూకయ్య తాగుబోతని ఊరికి చెప్పింది ఇంకెవరో కాదు, పెళ్లాం కాంతమే. అలా ఇలా చెప్పిందా? వీధిలో నిలబడి, కొంగు నడుముకి బిగించి, ఉద్దానం తోటలన్నీ వినేలా చెప్పింది. మరేం చేస్తుంది పాపం! నడుస్తూ నడుస్తూ తూలేవాడు. లేస్తూనే తలనొప్పి, వాంతి. మొహం కందగడ్డ. తెప్ప మీద నిలవలేకపోతున్నాడని తోటివాళ్లు చేపల వేటకి రావద్దనేశారు.

"సుక్క ముట్టలేదే, ఒట్టు!"

"ముట్టనోడికి ఈ తూలుడేటి? నానేటి ఎర్రిదాన్నా?"

రెండేళ్లు ఇదే తంతు. ఆఖరికి ఒట్లు పెట్టడం మానేశాడు నూకయ్య.

రెండువేల మూడులో కిడ్నీ జబ్బు పరీక్షలకి ఊళ్లోకి డాక్టర్లొచ్చారు. ఆ జబ్బు నెత్తురు పీల్చేసిన ఊరది. హిమోగ్లోబిన్ చూస్తే ఒకరికి ఎనిమిది, ఒకరికి తొమ్మిది. నూకయ్యకి మాత్రం పంతొమ్మిదిన్నర!

"ఓలమ్మో! ఇద్దరి నెత్తురు ఈడొక్కడికే ఉన్నాదే!" అని వీధంతా నవ్వింది. తాగినా ఒళ్లు గట్టిదేలే అని కాంతం కూడా మురిసింది. అక్కడే ఊరు ఊరంతా పప్పులో కాలేసింది.

టెక్కలి నుంచి వచ్చిన డాక్టరమ్మ లక్ష్మీకుమారి నవ్వలేదు. నూకయ్యని గీత మీద నడవమంది, వేలితో ముక్కు ముట్టుకోమంది. రెండూ కుదరలేదు. "రేపే విశాఖ తీసుకెళ్లి తలకి స్కానింగ్ తీయించమ్మా" అంది.

విశాఖలో తేలింది, చిన్నమెదడులో గడ్డ.

"క్యాన్సర్ కాదమ్మా. రక్తనాళాలే ముద్దకట్టాయి. చాలా అరుదు" అన్నాడు సర్జన్. "మనిషి తూలకుండా నిలబెట్టేది ఆ చోటే. ఒంట్లో రక్తం అంతలా పెరగడం కూడా ఈ గడ్డ పనే. దానికి రక్తం తెచ్చే నాళాలు ముందు మూసి, గడ్డని ముక్కలు చెయ్యకుండా మొత్తంగా తియ్యాలి. మధ్యలో చిట్లిందా, ప్రాణానికి పూచీ లేదు."

రెండేళ్లు తిట్టిన నోరు కాంతానికి చేదైపోయింది. ఎంత పాపం సేసినాను తల్లీ అని గోడకి తల కొట్టుకుంది.

ఆపరేషన్‌కి తోసుకెళ్తుంటే నూకయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఓలే, నాను సచ్చిపోతే తాగి సచ్చినాడంటారు. కాదని నువ్వు సెప్పాల." కాంతం ఒట్టేసినట్టు ఆ చేతి మీద రెండో చెయ్యి వేసి తలూపింది.

ఏడు గంటలు పట్టింది. గడ్డ చిట్లకుండా మొత్తంగా వచ్చింది. నూకయ్య బతికాడు. నెలయ్యేసరికి నెత్తురు పదిహేనుకి దిగింది, తూలుడూ తగ్గింది.

ఇంటికొచ్చిన మర్నాడే కాంతం పెళ్లి పిలుపులకి తిరిగినట్టు గడపగడపకీ బయల్దేరింది. సిగ్గుతో చస్తూ వెనకాలే నూకయ్య.

"మా మావ తాగలేదు. తల్లో గడ్డ. తాగినాడని అరిసింది నానే. నాదే తప్పు."

నాలుగిళ్లు అయ్యాక ముసలి జోగమ్మ విసుక్కుంది. "బతికొచ్చీసినాడు కదే! ఇంకా ఈ ఊరేగింపెందుకు?"

"సచ్చిపోతే సెప్తానని మాటిచ్చినాను పిన్నీ. బతికున్నోడి కోసం సెప్పొద్దేటి?" అని కళ్లు తుడుచుకుని, కాంతం పక్కింటి గడప ఎక్కింది.