బోనులో వేసిన పీట

నేను ఒక బోనును. పులుల్ని పట్టేదాన్ని కాను, కోర్టులో సాక్షులూ ముద్దాయిలూ ఎక్కి నిలబడే చెక్క బోనును. మన్యం టేకుతో నన్ను చేసినవాడు సోమాచారి అనే వడ్రంగి. మూడు వైపులా కటకటాలు, చేతులు ఆనించుకోవడానికి ముందు ఒక అడ్డకర్ర, ఎక్కడానికి ఒక మెట్టు. కొలతకు మనిషి కావలసి వస్తే తన బావమరిదిని నిలబెట్టాడు. అతను ఆరడుగుల పైమాట. ఆ ఒక్క కొలతతోనే నా బతుకంతా గడిచింది.

యాభై ఏళ్ళు గోదావరి జిల్లాలో ఒక చిన్న కోర్టులో పనిచేశాను. అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేసేటప్పుడు మనుషుల చేతులు చల్లగా ఉంటాయి. చెప్పడం మొదలుపెట్టాకే చెమటలు పడతాయి. ఎవరి చెమట ఎంతో నా అడ్డకర్రకు తెలుసు గాని, నన్నెవరూ సాక్ష్యానికి పిలవలేదు.

కొత్త భవనం కట్టి కొత్త సామాను కొన్నాక నన్ను పాత కాగితాల గదిలో పడేశారు. అక్కడ చెదలకు ఆహారం కాకుండా కాపాడినవాడు గుమాస్తా గున్నేశ్వరరావు. పాత సామానంటే ఆయనకు ప్రాణం. ఊళ్ళో బాలల న్యాయమండలి కొత్తగా పెట్టి ఆయన్ను అక్కడికి వేసినప్పుడు, కోర్టన్నాక బోను లేకపోతే ఎలాగని నన్ను ట్రాక్టరు మీద వెంట తీసుకుపోయాడు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్ని బోనులో నిలబెట్టకూడదని చట్టంలోనే ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆయనకు తెలిసిందల్లా, నా అడ్డకర్ర వెనక పిల్లల మొహాలు సరిగ్గా కనపడడం లేదని. జాలిపడి, ఇంట్లోంచి ఒక పీట తెచ్చి లోపల వేశాడు.

మేజిస్ట్రేటుగారు వారానికి రెండు రోజులు పెద్ద కోర్టు నుంచి వచ్చేవారు. బోనుల్ని చూసి చూసి అలవాటైపోయిన మనిషి కాబట్టి, ఆవిడ కంటికి నేను ఆనలేదు.

ఒక శుక్రవారం నూకరాజు ఆ పీట ఎక్కాడు. పదహారేళ్ళవాడు, బక్కపలచటి పొట్టి పిల్లాడు. తల్లి ఇటుకబట్టీలో పనిచేస్తుంది. అదే కేసులో రెండోవాడు ప్రణీత్, వాడికీ పదహారే. వాళ్ళ నాన్నకు రైసుమిల్లు ఉంది. ఇద్దరూ కలిసి కల్యాణమండపం ముందున్న ఎవరిదో మోటారుసైకిలు తీసుకుని ఏటిగట్టు మీద తిరిగి, పెట్రోలు అయిపోయిన చోట పట్టుబడ్డారు. పూచీకత్తు కాగితం మీద తండ్రి సంతకం పెడితే ప్రణీత్ మర్నాడే ఇంటికి పోయాడు. నూకరాజు తల్లి మాత్రం వేలిముద్ర వేయలేదు. వేస్తే దొంగతనం ఒప్పుకున్నట్టేనని ఎవరో భయపెట్టారట. పిల్లాడు ఇరవైమూడు రోజులుగా బాలల హోంలో ఉన్నాడు. సోమవారం నుంచి వాడికి ఇంటరు పరీక్షలు. ఆ రోజు ఇంటికి పంపకపోతే ఏడాది పోయినట్టే.

ప్రణీత్ తన తండ్రి పక్కన కుర్చీలో కూర్చున్నాడు. నూకరాజు నా అడ్డకర్రను గోళ్ళు దిగేలా పట్టుకున్నాడు. తల్లి గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"తాళం విరగ్గొట్టింది నువ్వేనా?" అని మేజిస్ట్రేటుగారు అడిగారు.

"తప్పయిపోయిందండి."

"బండి తోలింది?"

"తప్పయిపోయిందండి."

ఆవిడ రాసుకోబోతుంటే, ఆ రోజే మండలిలో కొత్తగా చేరిన సభ్యురాలు మంగతాయారుగారు చెయ్యెత్తారు. ముప్పయ్యేళ్ళు బడిపంతులమ్మగా చేసిన మనిషి. "ఒక్క నిమిషమమ్మా. ఇద్దరిమీదా ఉన్నది ఒకే కేసు కదా. ఆ అబ్బాయి కుర్చీలో, ఈ అబ్బాయి బోనులో ఎందుకున్నారు?"

గున్నేశ్వరరావు ముందుకొచ్చాడు. "కుర్చీలు చాల్లేదండి. అయినా బాబుకి పీట ఏశానండి."

మేజిస్ట్రేటుగారు నన్ను మొదటిసారి చూశారు. ఆవిడ మొహం ఎర్రబడింది. మంగతాయారుగారు లేచి, తన కుర్చీ లాగి, "ఇలా రా నాయనా, కూర్చో" అన్నారు. వాడు అంచు మీద కూర్చున్నాడు. టిఫిను తిన్నావా అని ముందు అడిగి, తర్వాత అడిగారు: "బండి ఎవరు తోలార్రా?"

"నాకు బండి తోలడం రాదండి. ఎనకాల కూచున్నానండి."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

వాడు నా వైపు చూశాడు. "అందులో నిలబడితే అడుగుతున్నట్టుండదండి. తిడతన్నట్టుంటదండి."

నాకు సిగ్గేసింది. యాభై ఏళ్ళుగా నాలో నిలబడి తలలూపిన వాళ్ళంతా గుర్తొచ్చారు.

ప్రణీత్ లేచి నిలబడ్డాడు. "నేనే తోలానండి. తాళం కూడా నేనే ఇరగ్గొట్టాను. ఆడు వద్దన్నాడు." తండ్రి చొక్కా పట్టి లాగినా వాడు కూర్చోలేదు.

"ఇది నేను ముందే చూసుకోవలసింది" అన్నారు మేజిస్ట్రేటుగారు. మంగతాయారుగారు గుమ్మం దగ్గరికి వెళ్ళి, "ఇది ఒప్పుకోలు కాగితం కాదమ్మా. నీ కొడుకుని నీతో పంపే కాగితం" అని విడమరిచి చెప్పారు. తల్లి వేలిముద్ర వేసింది. ఆ మధ్యాహ్నమే నూకరాజు ఇంటికి వెళ్ళాడు. సోమవారం పరీక్ష రాశాడు.

బండి తీసినందుకు, వెనక ఎక్కినందుకు ఇద్దరికీ మండలివారు ఒక పని అప్పగించారు. పరీక్షలయ్యాక నాలుగు ఆదివారాలు వడ్రంగి దగ్గర కూర్చుని, నన్ను విప్పి కూర్చునే బల్ల చేయడం. రంపం పట్టడం ప్రణీత్‌కు చేతకాలేదు. ముందుగా పట్టు దొరికిన నూకరాజు వాడికి నేర్పాడు. మూడో ఆదివారానికి ఇద్దరూ ఒకే డబ్బాలోంచి పులిహోర తిన్నారు. ఒకడు ఇంట్లో, ఒకడు హోంలో గడిపిన ఆ ఇరవైమూడు రోజులు మాత్రం ఎంత చిత్రిక పట్టినా చదును కావు. అది నాకు తెలుసు, నూకరాజుకు ఇంకా బాగా తెలుసు.

ఈసారి కొలత గున్నేశ్వరరావు స్వయంగా తీశాడు. నూకరాజును పీట మీద కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనేలా చూసుకుని మరీ తీశాడు.

మొన్న సామాను తనిఖీకి ఒక అధికారి వచ్చారు. జాబితాలో వేలు పెట్టి, "బోను ఒకటి అని ఉంది. ఎక్కడుందయ్యా?" అని అడిగారు.

నా మీద ఒక ఆడపిల్ల కూర్చుని కాళ్ళు నేలకు ఆనించి బిస్కెట్టు తింటోంది. పక్కన వాళ్ళమ్మ.

"అదేనండి" అన్నాడు గున్నేశ్వరరావు. "పాప కూచుందండి. లేవమనమంటారా?"

అధికారి జాబితా మడిచి, "వద్దులే, కూర్చోనీ" అన్నారు.